అమ్మ చెప్పిన సాక్ష్యం

మా అమ్మ వ్యాపారం పోవడానికి కారణం నేను తెలుగులోకి మార్చిన ఒక ఇంగ్లీషు మాట. ఈ సంగతికి మావాళ్ళెవరూ నన్ను ఏమీ అనలేదు. అమ్మ అసలే అనలేదు. అందుకే నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు టీచర్ని. పొద్దున్న ఏలూరులో రైలెక్కి వెళ్ళి సాయంత్రం తిరిగొస్తాను. పిల్లల నోట్సుల్లో తప్పులకి ఎర్ర గీతలు పెట్టీ పెట్టీ, ఎదుటివాళ్ళ మాటల్లో కూడా తప్పులు వెతికే రోగం పట్టుకుంది. మా వీధిలో ఎవరింటికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. నేను కుర్చీలో కూర్చుని చదివి, అర్థం చెప్పి, వాళ్ళ మొహాల్లో భయం తగ్గడం చూసేదాన్ని. ఆ గర్వం ఒకటి ఉండేది నాకు.

అమ్మ చేపలమ్మేది. మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున ఒక పల్లెలో పుట్టి, పెళ్ళయ్యాక ఏలూరు వచ్చింది. నాన్న చర్చిలో గంట కొట్టడం, ఊడవడం, పాటల పుస్తకాలు సర్దడం చేసేవారు. ఆయన పోయి చాలా కాలమైంది. నన్ను చదివించింది చేపలే. ఈ మాట అంటే అమ్మ ఒప్పుకోదు, దేవుడు చదివించాడంటుంది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, తర్వాత దీనితోనే పని.

అందరూ చేపలమ్మే పద్ధతి ఒకటే. వల్లో పడింది తట్టలో వేసుకుని వీధుల్లో కేకేసుకుంటూ తిరుగుతారు. మధ్యాహ్నానికి మిగిలింది మెత్తబడుతుంది. దాన్ని ధర తగ్గించి ఎవరికో అంటగట్టాలి, లేదా పారెయ్యాలి. అమ్మ కూడా మొదట్లో అంతే. నా చిన్నప్పుడు ఒక వేసవిలో వరసగా నాలుగు రోజులు మిగిలిన చేపల్ని కాలవ గట్టు మీద పారబోసి వచ్చింది. నాలుగో రోజు గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. నష్టం వచ్చిందని ఏడుస్తోందనుకున్నాను. "ఎవరి నోట్లోకీ వెళ్ళకుండా ఇన్ని ప్రాణాలు తీశానే" అంది.

ఆ సాయంత్రం మొహం కడుక్కుని, ఖాళీ చేతులతో వీధిలోకి వెళ్ళింది. ప్రతి గుమ్మం ముందూ ఆగి ఒకటే అడిగింది.

"ఏవండీ, రేపేం వండుకుంటారండీ?"

అంతే. చేపలు కావాలా అని అడగలేదు. కావాలా అంటే వద్దనడం తేలిక, అది ఎవరి నోటికైనా అలవాటే. రేపేం వండుకుంటారంటే ఆ ఇల్లాలు ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తుంది. తమ్ముడు వస్తున్నాడని చెబుతుంది. పిల్లకి జ్వరం తగ్గింది, పథ్యం పెట్టాలంటుంది. మావిడికాయ ఉంది, పులుసు పెడదామనుకుంటున్నానంటుంది. ఆ మాటల్లోంచి అమ్మ ఎన్ని ముక్కలు కావాలో, ఏ చేప కావాలో తీసుకునేది. పథ్యానికి కొర్రమీను, చుట్టాలొస్తే బొచ్చె, మామూలు రోజైతే శీలావతి. ఏదీ రాసుకునేది కాదు. రాయడం పెద్దగా రాదు. ఇంటికొచ్చి, మండవల్లి దగ్గర చెరువులున్న ఒకాయనకి కబురు చేసేది. ఆయన అమ్మకి వరసకి అన్న, నాకు మావయ్య. మొదట్లో ఆఖరి బస్సు కండక్టరు ద్వారా కబురు, తర్వాత ఫోను. పొద్దున్నే మావయ్య సరిగ్గా అన్నే పట్టించి, నీళ్ళ డ్రమ్ముల్లో ప్రాణంతో ఆటోలో పంపేవాడు. మిగలడమన్నది ఉండేది కాదు. ఐసు ముక్క కూడా కొనేది కాదు.

మా వీధి చివర ఒక పంతులుగారి ఇల్లుంది. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తరతరాలుగా పౌరోహిత్యం చేసిన వంశం. వాళ్ళ గుమ్మం దగ్గర కూడా అమ్మ ఆగి అడిగేది. ఒక్క ఇల్లు వదిలేసి వెళ్తే వాళ్ళని చిన్నబుచ్చినట్టు కదా అనేది. పంతులుగారు అరుగు మీద నుంచే, "రేపు బెండకాయ వేపుడమ్మా, నీ చేపలకి సెలవు" అనేవారు. "ఆయ్, అలాగేనండీ" అని ఇద్దరూ నవ్వుకునేవారు. ఇరవై ఏళ్ళు రోజూ ఇదే హాస్యం, ఇద్దరికీ విసుగు రాలేదు.

నేను ఉద్యోగంలో చేరాక వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టాను. 'రేపటి కూర' అని పేరు. నాలుగు వీధుల వాళ్ళూ చేరారు. మాకు చుట్టాలున్న దెందులూరు నుంచి కూడా కొందరు చేరారు. అమ్మ మాత్రం సాయంత్రం తిరగడం మానలేదు. "ఫోనులో కేజీ అంటారు కానీ ఎందుకో చెప్పరే" అనేది.

ఆ రోజుల్లోనే ఏలూరులో ఒక చేపల కంపెనీ కొట్టు తెరిచింది. అద్దాల తలుపులు, లోపల చలి, ఫోన్లో నొక్కితే ఇంటికి తెచ్చిస్తారు. దాని యజమాని ఒక ఆదివారం మా ఇంటికొచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఈ చుట్టుపక్కల వాడే, ఉంగుటూరు వైపు. నుదుటన చిన్న బొట్టు, మాట మెత్తన. వెంట కెమెరా పట్టుకున్న ఒకమ్మాయి వచ్చింది.

"అమ్మగారి గురించి చాలా విన్నామండీ. ఈ ఊళ్ళో చేపంటే ఆవిడ మాటేనంటున్నారందరూ. మా కంపెనీకి ఆవిడ ఒక చిన్న టెస్టిమోనియల్ ఇస్తే మాకు ఆశీర్వాదంలా ఉంటుందండీ" అన్నాడు.

నిజానికి అప్పుడే నాకు మండి ఉండాలి. అద్దాల కొట్టువాడికి తట్టతో చేపలమ్మే మనిషి ఎందుకు టెస్టిమోనియల్ ఇవ్వాలి? కానీ నేను పొంగిపోయాను. కెమెరా అనేసరికి నా బుర్ర పనిచేయడం మానేసింది. అమ్మ నా వైపు చూసి, "ఏంటే అది?" అని మెల్లగా అడిగింది.

"టెస్టిమోనియల్ అంటే సాక్ష్యం అమ్మా. సాక్ష్యం చెప్పమంటున్నారు" అన్నాను.

తప్పు కాదది, డిక్షనరీలో చూసుకోండి. కానీ మా అమ్మకి సాక్ష్యమంటే ఒకటే. ఆదివారం చర్చిలో లేచి నిలబడి చెప్పేది. రోగం తగ్గినవాళ్ళు, ఉద్యోగం వచ్చినవాళ్ళు, ప్రమాదం తప్పినవాళ్ళు చెబుతారు. దానికొక వరస ఉంది. ముందు నేను దేనికీ పనికిరానిదాన్ననాలి. తర్వాత నాలో ఏ మంచీ లేదనాలి. ఇదంతా ఆయన చేసిందే, నాదేమీ లేదనాలి. కూర్చోవాలి. ఆ వరసలో 'నేను చేశాను' అన్న మాట వచ్చిందంటే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలవుతాయి.

అమ్మ లోపలికి వెళ్ళి చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. కొంగు తల మీదకి లాక్కుంది. కెమెరా అమ్మాయి ఆ పెద్దమనిషిని కూడా పక్క కుర్చీలో కూర్చోమంది, ఇద్దరూ కనబడితే బాగుంటుందని. అమ్మ చేతులు కట్టుకుని, కళ్ళు సగం మూసుకుని చెప్పింది. ఆ మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఎన్నిసార్లు విన్నానో!

"నేను చదువుకోనిదాన్నండీ. నాలో ఏ తెలివీ లేదండీ. ముందు అడిగి తర్వాత పట్టించడవన్నది నా బుర్రలో పుట్టింది కాదండీ. అంతా ఆయన నేర్పిందే. ఆయన చెయ్యిపట్టి నడిపించకపోతే నేనీ పాటికి ఎక్కడుండేదాన్నో. నాదేం లేదండీ ఇందులో. అంతా ఆయనదే."

చర్చిలో అయితే ఆయన అనదు, ప్రభువు అంటుంది. ఆ రోజు అనలేదు. వచ్చినాయన బొట్టు పెట్టుకున్న మనిషి. ఇంటికొచ్చినవాళ్ళ ముందు మన దేవుడి పేరెత్తి ఇబ్బంది పెట్టకూడదని ఆ ఒక్క మాటా మింగేసింది. మర్యాద!

పక్క కుర్చీలో ఆయన తల వంచుకుని వినయంగా నవ్వుతున్నాడు.

"వీధిలో ఏమని అడుగుతారో అది కూడా ఒక్కసారి అనండి అమ్మగారూ" అన్నాడు చివర్లో. అమ్మ సిగ్గుపడి, గొంతు సవరించుకుని, రోజూ అన్నట్టే అంది. వీడియో వాడుకోవడానికి అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. దాన్ని నేనే చదివాను. అందులో మోసమేమీ లేదు. అమ్మ వాళ్ళకి చేపల పులుసుతో భోజనం పెట్టి పంపింది. వాళ్ళు వెళ్ళాక, "బాగా చెప్పావమ్మా" అన్నాను.

కొన్ని నెలల తర్వాత రిజిస్టరు పోస్టులో కవరొచ్చింది. ఏలూరు స్టేషన్లో నేను రైలు దిగేసరికి, అమ్మ ఆ కవరు పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. ఎప్పుడూ అలా రాలేదు. బల్ల మీద కూర్చుని చదివాను. కంపెనీ తరఫున ఒక లాయరు పంపిన నోటీసు అది, సారాంశం ఇదీ. ఇళ్ళ దగ్గర ముందుగా అవసరం కనుక్కుని, దాన్నిబట్టి చెరువులో పట్టించి, మర్నాడు అందించే పద్ధతి కంపెనీ వారిది. దాని మీద పేటెంట్‌కి దరఖాస్తు చేసి ఉన్నారు. వాట్సాప్ గ్రూపు ద్వారా, ఇంటింటికీ తిరగడం ద్వారా అదే పద్ధతిని మీరు వాడుకుంటున్నారు. కంపెనీ వారే మీకు నేర్పారని మీ నోటితో మీరే కెమెరా ముందు ఒప్పుకున్నారు. వెంటనే ఆపాలి.

ఇన్నాళ్ళూ వీధిలో అందరి కాగితాలకీ ధైర్యం చెప్పినదాన్ని, అమ్మకి ఏం చెప్పాలో తెలియలేదు.

"పేటెంట్ అంటే ఏంటే?" అంది అమ్మ.

"ఒక పద్ధతి ఎవరు కనిపెడితే అది వాళ్ళదేనని ప్రభుత్వం ఇచ్చే కాగితం."

అమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని కవర్లో పెట్టింది. తర్వాత, "పట్టానా?" అంది.

కొల్లేటి ఒడ్డు మనిషికి ఆ మాటంటే ఏమిటో పైవాళ్ళకి తెలియదు. సరస్సు లోపల తవ్విన చెరువులకి పట్టాల్లేవని ఒకప్పుడు ప్రభుత్వం వాళ్ళు యంత్రాలు తెచ్చి గట్లు తెగ్గొట్టారు. అందులో మా తాతది ఒక ముక్క ఉంది. ఆయన దాన్ని తన చేతులతో తవ్వాడు. గట్టు తెగినప్పుడు నీళ్ళతో పాటు చేపలన్నీ సరస్సులోకి పోతుంటే అమ్మ అక్కడే ఉంది. ఎవరు తవ్వారన్నది కాదు, కాగితం ఎవరి దగ్గరుందన్నదే లెక్క అని ఆ రోజు నేర్చుకుంది. "పట్టా వాళ్ళకొస్తే ఇంకేం మాట్లాడతామే" అని లేచింది. పట్టా ఇంకా రాలేదమ్మా, అడిగారంతే అని నేను వెనకాలే చెబుతూ నడిచాను. వినలేదు. పట్టా అన్న మాట కూడా నా వల్లే ఆమె తలలోకి వెళ్ళింది.

ఆ సాయంత్రమే మొదటిసారి అమ్మ వీధిలోకి వెళ్ళలేదు.

నాకు పౌరుషం పుట్టింది. అమ్మని లాక్కుని ఏలూరులోనే ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన, ఓపికగా విన్నారు.

"వ్యాపారం చేసే పద్ధతికి ఊరికే పేటెంట్ ఇవ్వరండీ మన దగ్గర. అందుకని ఫోన్లో నడిచే ప్రోగ్రామొకటి దానికి తగిలించి అడిగి ఉంటారు. రావచ్చు, రాకపోవచ్చు. అంతకుముందు నుంచే మీ అమ్మగారు చేస్తున్నారని గట్టిగా నిలబెడితే వాళ్ళ దరఖాస్తే పడిపోవచ్చు కూడాను."

నా ప్రాణం లేచొచ్చింది. ఆయన వీడియో చూస్తానన్నారు. నా ఫోన్లోనే చూపించాను. ఒకసారి చూశారు. మళ్ళీ వెనక్కి తిప్పి చూశారు.

"ఇందులో ఆయన అంటే ఎవరమ్మా?" అన్నారు.

"ఆయనేనండీ" అని అమ్మ వేలు పైకి చూపించింది.

లాయరుగారు కాసేపు ఫ్యాన్ వైపు చూశారు. "వీడియోలో కూడా అలా వేలు పైకి చూపించి ఉంటే బాగుండేదమ్మా" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే బాధపడ్డారు.

తర్వాత ఆయనకే ఒక ఉపాయం తట్టింది. మన ఆడవాళ్ళు మొగుణ్ణి కూడా ఆయన అనే అంటారు కదా. "మీ వారి గురించి అన్నారని రాద్దామా? ఈ పద్ధతి మీ వారు నేర్పారు, ఆయన పోయి ఇన్నేళ్ళయింది కాబట్టి కంపెనీ కంటే ముందుదే అని తేలిపోతుంది. చక్కగా సరిపోతుందమ్మా."

నేను ఆశగా అమ్మ వైపు చూశాను. అమ్మ నవ్వింది. నోటీసొచ్చాక అదే మొదటి నవ్వు.

"ఆయనకి చేపని ముట్టుకోవడవే భయవండీ. ఎగురుతుందని దూరంగా నిలబడేవారు" అంది. "పోయిన మనిషి మీద అబద్ధం ఎలాగండీ?"

"సరేనమ్మా. అయితే ఇంకొకటి. ఇది నా సొంత తెలివితో నేనే మొదలుపెట్టాను, నాకు ఎవరూ నేర్పలేదు, వీడియోలో చెప్పింది పొరపాటు అని రాసి సంతకం పెట్టండి. అది చాలు."

"దేవుడు నేర్పాడని రాయకూడదాండీ?" అన్నాను నేను.

"రాయొచ్చండీ. కానీ దేవుడు నేర్పాడంటే ఈవిడ కనిపెట్టలేదనేగా? దాన్నే పట్టుకుంటారు వాళ్ళు. నేనే అని ఒక్క ముక్క గట్టిగా కావాలి."

అమ్మ కాగితం వైపు చూస్తూ కూర్చుంది. కలం నేనే తీసి చేతిలో పెట్టాను. అమ్మ సంతకం పెట్టలేదు.

"సాక్ష్యం పొరపాటని రాయమంటున్నారా బాబూ?" అంది లాయరుగారితో. "ఇన్నేళ్ళు అందరి ముందూ నాదేం లేదని చెప్పి, ఇప్పుడు నాకు కష్టవొచ్చేసరికి అంతా నాదేనని రాయనా? ఆయన వినడాండీ?"

బయటికొచ్చాక రోడ్డు మీదే అరిచాను. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు, అయినా అరిచాను. "నీ ఆయన వచ్చి కోర్టులో నిలబడి చెప్తాడా? ఆ రోజు ఆయన పేరు ఎత్తడానికి నీకు మొహమాటం. ఇవాళ నీ పేరు ఎత్తడానికి మొహమాటం. ఇంత మంచిదానివి కాబట్టే నెత్తికెక్కి తొక్కుతున్నారు" అన్నాను. అమ్మ నా చేతిలోంచి జారిన గొడుగు వంగి తీసి నాకిచ్చింది. ఆ రోజు అన్న మాటల్లో ఏదీ అబద్ధం కాదు. అయినా ఒక్కటి కూడా అనకుండా ఉండాల్సింది.

చివరికి 'ఆయన' అంటే దేవుడని రాసిన కాగితమే తయారైంది. దానికి అమ్మ సంతోషంగా సంతకం పెట్టింది. తోడుగా, ఎన్నో ఏళ్ళ నుంచి ఈవిడ ఇలాగే అమ్ముతోందని కొన్నవాళ్ళ చేత రాయించి తెమ్మన్నారు లాయరుగారు. నేను ఇల్లిల్లూ తిరిగాను. అమ్మ ఏ గుమ్మాల్లో ఆగేదో ఆ గుమ్మాల్లోనే.

ఎవరూ కాదనలేదు. కూర్చోబెట్టారు. కాఫీలిచ్చారు. "అయ్యో, మీ అమ్మగారికి ఇలాంటి కష్టమాండీ" అన్నారు. కాగితం చూపించేసరికి, "చూద్దామండీ" అన్నారు. "మా ఆయన్ని అడిగి చెప్తానండీ." "కోర్టు కాగితమంటే మావారికి పడదండీ, ఏమనుకోకండి." మా వైపు లేదన్న మాట నోటితో ఎవరూ అనరు. చూద్దామండీ అంటే లేదని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ మాట అన్ని ఇళ్ళలోనూ విన్నాక, మెత్తగా మాట్లాడేవాళ్ళంటేనే నాకు అసహ్యం పుట్టింది. ఒక్కరైనా పొమ్మని తిట్టి ఉంటే వాళ్ళతో పోట్లాడేదాన్ని.

సంతకం పెట్టింది పంతులుగారొక్కరే. కళ్ళజోడు తుడుచుకుని, కాగితం రెండుసార్లు చదివి, తప్పులు దిద్ది మరీ పెట్టారు. "ఇరవై ఏళ్ళుగా ఆవిడ రోజూ అడుగుతుంది, నేను రోజూ లేదంటాను. ఇంతకన్నా ఏం సాక్ష్యం కావాలమ్మా?" అన్నారు. లాయరుగారు ఆ కాగితం చూసి నిట్టూర్చారు. జన్మలో చేప కొనని మనిషి ఒక్కడే దొరికాడా అన్నారు.

ఇక మిగిలింది మావయ్య. అమ్మ ప్రతి సాయంత్రం ఫోను చేసింది ఆయనకే. అంతకు మించిన సాక్షి లేడు. అమ్మా నేనూ బస్సులో మండవల్లి వెళ్ళాం. చెరువు గట్టు మీద కొత్త షెడ్డు, కంపెనీ పేరున్న నీలం డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. చూడగానే అర్థమైంది. మావయ్య ఎదురొచ్చి అమ్మ చేతులు పట్టుకున్నాడు.

"నాకూ వచ్చింది చెల్లెమ్మా నోటీసు. నీకు చేపలిస్తే నా మీదా కేసంట. వాళ్ళే వచ్చి చెరువులో చేపలన్నీ కొనుక్కుంటామన్నారు. నేనేం చెయ్యను చెప్పు? గట్టు తెగ్గొట్టిన రోజు నువ్వూ చూశావు కదా."

నేను నోరు తెరిచేలోపు అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు మాత్రం ఏం చేస్తావన్నయ్యా" అంది. వదినకి మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడిగింది. వాళ్ళింట్లో మజ్జిగ తాగింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏలూరు వచ్చేదాకా కళ్ళు తెరవలేదు. నిద్రపోతోందనుకున్నాను. దిగేటప్పుడు చూస్తే కొంగు తడిసి ఉంది.

మేం పంపిన కాగితానికి జవాబు రాలేదు. పేటెంట్ వచ్చిందో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. లాయరుగారు ఏళ్ళు పడుతుందన్నారు. చేపలిచ్చే చెరువు లేనప్పుడు పేటెంట్ వచ్చినా రాకపోయినా ఒకటే. వేరే చెరువులవాళ్ళని అడిగాను. అప్పటికి అందరికీ సంగతి తెలిసిపోయింది. చూద్దామండీ అన్నారు. 'రేపటి కూర' గ్రూపు నేనే మూసేశాను.

అమ్మ కత్తిపీట కడిగి, ఆరబెట్టి, గోనెసంచిలో చుట్టి మంచం కింద పెట్టింది. సాయంత్రం ఆరు కాగానే మొహం కడుక్కునేది, అలవాటు. కడుక్కుని, ఎక్కడికీ వెళ్ళాల్సింది లేదని గుర్తొచ్చి, తువ్వాలు పట్టుకుని అలాగే నిలబడేది. నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. చర్చికి మాత్రం మానలేదు. సాక్ష్యాల సమయంలో మాత్రం లేవడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు, పాస్టరుగారు అడిగితే "చెప్పేశాను కదండీ" అంది.

ఒక బుధవారం సాయంత్రం ప్రార్థనకి ఇద్దరం వీధిలో నడుస్తున్నాం. సరిగ్గా ఆరింటికి ఒక ఇంట్లోంచి అమ్మ గొంతు వినబడింది.

"ఏవండీ, రేపేం వండుకుంటారండీ?"

అమ్మ ఆగిపోయింది. పక్కింట్లోంచి మళ్ళీ. ఎదురింటి డాబా మీద నుంచి మళ్ళీ. ఒకదాని వెనక ఒకటి, ఫోన్లన్నిట్లోంచీ అదే గొంతు, అదే సిగ్గు, ముందు గొంతు సవరించుకున్న చిన్న చప్పుడు కూడా. కంపెనీ వాళ్ళు రోజూ ఆ వేళకి ఫోన్లకి పంపే పిలుపుకి అమ్మ గొంతు పెట్టుకున్నారు. వీడియో వాడుకోవచ్చని సంతకం పెట్టాం కదా. ఆ కాగితం చదివింది కూడా నేనే కదా.

ఒక ఇల్లాలు గుమ్మంలోకొచ్చి మమ్మల్ని చూసి సంబరపడింది. "మీ గొంతేనండీ! మీరే వచ్చారేమోననుకుంటాం రోజూ. మీరు లేని లోటే లేదనుకోండి" అంది. మంచి మనసుతోనే అంది. చూద్దామండీ అన్నవాళ్ళలో ఆవిడా ఉంది.

అమ్మ ఆవిడకి నమస్కారం పెట్టి ముందుకు నడిచింది. నాలుగడుగులు వేశాక, "అడగడం బాగానే అడుగుతున్నాను. వాళ్ళు చెప్పేది ఎవరు వింటున్నారే?" అంది.

ఎవరూ వినడం లేదు. ఎన్ని కేజీలో నొక్కుతారు, అంతే. తమ్ముడొస్తున్నాడని, పిల్లకి జ్వరం తగ్గిందని చెప్పడానికి అందులో చోటు లేదు. నేను ఈ మాట అమ్మకి చెప్పలేకపోయాను. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చి చెప్పేదేం కాదది, అయినా నోరు రాలేదు.

వీధి చివర పంతులుగారు అరుగు మీద ఉన్నారు. ఆయనకి ఆ కంపెనీతో పని లేదు, ఆయన ఇంట్లో ఏ ఫోనూ అడగలేదు. అమ్మ ఆ గుమ్మం ముందు అలవాటుగా ఆగింది. ఆయన చేతిలో పుస్తకం పక్కన పెట్టి ఎదురుచూశారు. అమ్మ కొంగు సర్దుకుంది, అడగలేదు. చివరికి ఆయనే అడిగారు.

"రేపేం వండుకుంటావమ్మా?"

"ఇంకా అనుకోలేదండీ" అంది అమ్మ. ఆ మాట అంటూనే గేటు కమ్మి పట్టుకుని, వీధిలో అందరూ చూస్తుండగా ఏడ్చింది.